వయొలిన్ మీద తెల్లపొడి

కోడలు పాలసీసా కడుగుతుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చింది. చేతిలో వయొలిన్ తుడిచే పచ్చగుడ్డ.

"నిన్న రిహార్సల్‌కి వెళ్ళొచ్చావు కదమ్మా?"

"పాపను మీకే ఇచ్చి వెళ్ళాను కదండీ అత్తయ్యా."

"మరి ఈ గుడ్డ ఇంత శుభ్రంగా ఉందేం?"

కోడలి చేతిలోని సీసా జారి సింకులో పడింది.

ఇంట్లో వాయించినప్పుడల్లా కమానుకు పట్టుకోసం రుద్దిన రోజిన్ బంక తీగల కింద పిండిలా రాలుతుంది. దాన్ని తుడిచే పని అత్తగారు ఎవరూ చెప్పకుండానే నెత్తినేసుకుంది. రిహార్సల్ నుంచి తెచ్చిన రోజున మాత్రం వయొలిన్ అద్దంలా ఉంటోంది.

"పిల్లకి పళ్ళొస్తున్నాయి. సాయంత్రమంతా నా భుజం కొరుకుతోంది. నువ్వక్కడ హాయిగా వాయించుకుంటున్నావని భరిస్తున్నాను. ఇంకెక్కడికైనా వెళుతుంటే చెప్పు, అదీ భరిస్తాను."

"అక్కడికే వెళుతున్నానండీ. వాయించట్లేదు, అంతే."

చదువుకునే రోజుల్లో ఒకసారి వేదిక మీద కోడలి చెయ్యి వణికి, కమాను తీగ మీద కప్పలా గెంతింది. ముందు వరుస నవ్వింది. ఆ పూటే వయొలిన్ పెట్టె మూసేసింది. పాప పుట్టాక ఆ పెట్టెను మంచం కింద నుంచి లాగింది అత్తగారే. "ఇందులో ఎవర్ని పడుకోబెట్టావమ్మా?" అని నవ్వి, ఈ ఊరి ఆర్కెస్ట్రాలో చేరేదాకా వదల్లేదు. చేరింది గానీ, అక్కడ అంతమంది వయొలిన్ల మధ్య కమానును తీగకు తగలకుండా, వెంట్రుకవాసి పైన ఆడిస్తూ కూర్చుంటోంది.

"మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆదివారం కచేరీలో కూడా అలాగే..."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంటే నేను ముస్తాబై వచ్చి గాలి వినాలా?"

కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. "తప్పు పోతేనో?"

"పోనీ. నా కూరలో ఉప్పెక్కువైన రోజున నువ్వు కంచం ముందునుంచి లేచిపోయావా? నాకోసం ఒక్క తప్పు వాయించు. మా కోడలిదే అని గుర్తుపడతాను."

ఆదివారం హాలు నిండిపోయింది. స్వరాల కాగితాలు పెట్టిన ఒక్కో స్టాండు ముందు ఇద్దరు. ఆమె పక్కన రిటైరైన పళ్ళ డాక్టరుగారు. కాగితం తిప్పే పని ఆమెది. జనంలోకి చూసింది. నాలుగో వరుసలో అత్తగారు, ఒళ్ళో పాప, గుప్పిట్లో పచ్చగుడ్డ.

కమాను తీగ మీదికి దించింది. వణికింది. ఒక స్వరం పక్కకు జారింది కూడా. ఎవరూ నవ్వలేదు. రెండో కాగితం తిప్పేసరికి చెయ్యి దారికొచ్చింది. చుట్టూ లేచిన ఆ పెద్ద నాదంలో తన వంతు కూడా ఉందని చెవికి తెలుస్తుంటే, కళ్ళు మసకబారాయి.

చప్పట్ల మధ్య డాక్టరుగారు మెల్లగా అన్నారు. "ఇవాళ నా పక్కన మనిషి ఉన్నట్టుందమ్మా." ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక అత్తగారు వయొలిన్ తుడుస్తుంటే కోడలు అడిగింది. "ఎక్కడ తప్పానో గుర్తుపట్టారా?"

"నా మొహం. నాకన్నీ ఒకేలా వినిపించాయి. అంతా నువ్వే వాయిస్తున్నావనుకుని విన్నాను."

కోడలు ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. తెల్లబడ్డ గుడ్డను ఉతకడానికి తీసుకోబోయింది.

"ఉతక్కు," అంది అత్తగారు. "ఇవాళ్టికి ఉండనీ."