ఎర్రయ్య జ్ఞాపకార్థం

ఆ ఉదయం త్రినాథరావు వరండాలో గిటారు తీగలు మారుస్తున్నాడు. భార్య నీలవేణి వంటింట్లో దోసెలు పోస్తోంది. ఆమె తమ్ముడు ఎర్రయ్య దుకాణం తాళాలు జేబులో వేసుకుని బయల్దేరబోతుంటే కొరియర్ వచ్చింది. ముంబై నుంచి పొడుగాటి అట్టగొట్టం.

నలభై ఏళ్ల కిందట ఈ బావాబావమరుదులు బిలాస్‌పూర్ రైల్వేలో పనిచేసేవారు. డ్యూటీ దిగాక రైల్వేవాళ్ల ఇన్‌స్టిట్యూట్ హాల్లో దిలీప్, రాంప్రసాద్‌లతో కలిసి జాజ్ వాయించేవారు. త్రినాథరావుది గిటారు, ఎర్రయ్యది బాస్ గిటారు. నలుగురూ కలిసి ‘ఔటర్ సిగ్నల్’ అని ఒకే ఒక్క క్యాసెట్ చేశారు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. ఇప్పటి కుర్రకారు దాన్ని నెత్తిన పెట్టుకుంది. ఆ పాటలన్నీ అదే వరసలో ఐదు ఊళ్లలో వాయించమని, కచేరీలు ఏర్పాటు చేసే ఒక ముంబై అమ్మాయి నుంచి పిలుపు వచ్చింది.

ఎర్రయ్య గొట్టంలోని పోస్టరు తీసి నేలమీద పరిచాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు గనక అంచు చుట్టుకుపోకుండా మోకాలు ఆనించాడు. పైన ముగ్గురి ఫొటోలు. కింద నల్లగీతల మధ్య పాతికేళ్ల వయసునాటి తన మొహం. కీర్తిశేషుడు ఎర్రయ్య జ్ఞాపకార్థం అని ఇంగ్లీషులో అచ్చువేశారు.

“ఏటి బావా, నేనెప్పుడు పోయానేటి?” అన్నాడు. “తారీకు కూడా ఏసుంటే, దినం నాడు దుకాణం మూసేద్దుము.”

అచ్చులో పొరపాటు జరిగి ఉంటుందని త్రినాథరావు గొణిగాడు. నీలవేణి అట్లకాడతోనే వచ్చి పోస్టరు చూసింది. తమ్ముణ్ని చూసింది. భర్త ఫోను తీసి ఆయన ముందు పెట్టి, ఆ ముంబై అమ్మాయిని స్పీకర్లో అడగమంది. త్రినాథరావు ఫోను ముట్టుకోలేదు. ఆమెకు అర్థమైపోయింది.

ఆ అమ్మాయి శ్వేత రెండు నెలల కిందటే బాస్ వాయించినాయన సంగతి అడిగింది. వేళ్ల సంగతి చెబితే ఎలా పోయాయంటుంది. అది చెబితే ఆ ఆదివారం సంగతి చెప్పాలి. పోయాడమ్మా అన్న ఒక్క మాటతో త్రినాథరావు ఆ బేరం అక్కడికి తెంపేశాడు.

ఆ ఆదివారం క్యాసెట్ రెండో వైపు పాటలకు గిటారు రికార్డింగు. ఎర్రయ్య తన బాస్ ముందురోజే ముగించాడు. యార్డులో బావ డ్యూటీకి బదులు తను వెళ్లాడు, రిజిస్టర్లో రాయకుండా. వ్యాగన్లు కలిపేటప్పుడు చెయ్యి ఇరుక్కుంది. విచారణలో మాత్రం, నన్నెవరూ పంపలేదు, నేనే వెళ్లానన్నాడు. త్రినాథరావు పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. ఎర్రయ్య ఉద్యోగం పోయింది. త్రినాథరావుది నిలిచింది. ఆ తర్వాత ఎర్రయ్య మిరపకాయలు సైకిల్ మీద బెల్తరా దాకా తిప్పి అమ్మి, వ్యాపార్ విహార్ బజారులో దుకాణం నిలబెట్టాడు. రిటైరయ్యాక త్రినాథరావూ అందులోనే కూర్చుంటున్నాడు.

“ఆవేళ మీరు నోరు మూసుకుంటే ఆడి ఉద్యోగం పోయింది,” అంది నీలవేణి మెల్లగా. “ఈవేళ నోరు తెరిస్తే మనిషే పోయాడు.”

వంటింట్లో దోసె మాడుతోంది.

పైన నిగనిగలాడే కాయలు పరిచి అడుగున తాలుకాయలు కుక్కిన మిరప బస్తా దుకాణానికి వస్తే, త్రినాథరావు మోచేతి దాకా చెయ్యి దూర్చి పట్టేస్తాడు. తెచ్చినవాణ్ని నలుగురిలో కడిగేస్తాడు. తన బస్తా అడుగు మాత్రం ఇన్నేళ్లలో ఎవర్నీ తడమనివ్వలేదు. ఇప్పుడది ఇంటి నడుమ బోర్లా పడింది.

ఫోను తీశాడు. శ్వేతతో హిందీలో, ఇద్దరూ వింటుండగా, మొత్తం చెప్పాడు. ఎర్రయ్య బతికే ఉన్నాడన్నాడు. నా డ్యూటీలోనే వేళ్లు పోగొట్టుకున్నాడు, నేనే పంపాను, ఆ మాట ఈ నోట రావడం ఇదే మొదలన్నాడు. పోస్టర్లు మార్చకపోతే తను రానన్నాడు.

ఎర్రయ్య ఫోను మీదికి వంగాడు. “బేటీ, మైఁ జిందా హూఁ,” బతికే ఉన్నానమ్మా, అని మాత్రం అన్నాడు.

ఫోను పెట్టేశాక త్రినాథరావు తల ఎత్తలేకపోయాడు. క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు. ఎర్రయ్య కూడా పోనీలే అనలేదు. పోస్టరు చుట్టి మూలన నిలబెట్టి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“ఆ ఆదివారం నువ్వు ఏటి వాయించావో నేనింతవరకూ వినలేదు బావా.”

నిజమే. ఆ రెండో వైపు ఈ ఇంట్లో ఎప్పుడూ మోగలేదు. బయటెక్కడైనా పెడితే ఎర్రయ్య లేచి వెళ్లిపోయేవాడు.

“దుకాణం గంట ఆలస్యంగా తీద్దుం. వాయించు.”

త్రినాథరావు ఆఖరి తీగ బిగించసాగాడు. ఎర్రయ్య మూడు వేళ్లతో గిటారు మెడ కదలకుండా పట్టుకున్నాడు. పాట మొదలైంది. రెండు వరసలు దాటేసరికి ఎర్రయ్య గొంతులోంచి, సన్నగా, ఆ శనివారం తను వాయించిన బాస్ వచ్చింది. ఒక్క స్వరం తప్పలేదు. నలభై ఏళ్లూ లోపల దాచుకున్నట్టుంది.

త్రినాథరావుకి తీగలు మసకబారాయి. వేళ్లు తడబడ్డాయి.

“ఆగకు బావా,” అన్నాడు ఎర్రయ్య. “నేనున్నాను కదేటి.”