ఇరవై కఠిన పదాలు

1943 జనవరి. మార్కాపురం ట్రావెలర్స్ బంగళా. వెనక గది తలుపు మూడుసార్లు చప్పుడైంది.

"ఎవరు?"

"పలకలకు చెక్క చాలలేదు."

"రామ్మా."

తమలపాకుల వ్యాపారి వేషంలో ఉన్న ఇన్‌స్పెక్టర్ ఇనాయతుల్లా గడియ తీశాడు. స్పెషల్ బ్రాంచ్‌లో ఆయన పేరు ఫైళ్ళలో ఉండదు. లోపలికొచ్చిన రూతమ్మ పేరు జీతాల రిజిస్టరులో కూడా సరిగ్గా ఉండదు. నాలుగేళ్ళుగా ఆమె టెంపరరీ ఏజెంటు.

"జపాను ముఠా," అన్నాడాయన గొంతు తగ్గించి. "మిలిటరీ స్పెషల్ రైళ్ళ వేళలు ఈ ఊర్నుంచే బయటికి పోతాండాయి. ఉత్తరాలు సెన్సార్ చేసినాం. ట్రాన్స్‌మిటర్ కోసం ఇల్లిల్లూ గాలించినాం. దొరకలేదు."

"నా కవర్ ఏంది సార్?"

"ప్రైవేటుగా ఎస్సెస్సెల్సీ కట్టే టీచరమ్మవు. కృపావరం మేడమ్ ట్యూటోరియల్‌లో చేరు. రంగూన్‌లో బాంబులు పడ్డప్పుడు నడిచొచ్చిన మనిషి. బి.ఏ. లోపల్లోపల మనకే పనిచేస్తాది. ఆమెను మాత్రం అనుమానించొద్దు."

ఆయన ఒక పలక చేతికిచ్చాడు. చెక్క చట్రం ఒక పక్క లాగితే నాలుగంగుళాల కత్తి బయటికొచ్చింది.

"సార్, నా పర్మనెంట్ సంగతి?"

"ఎస్సెస్సెల్సీ లేకుండా చెయ్యరమ్మా. కవరూ అదే, పరీక్షా అదే. పాసైపో, సంతకం నేను పెట్టిస్తా."

ఫోర్త్ ఫారంలో బడి మాన్పించి పెళ్ళి చేశారు రూతమ్మకు. భర్త పోయాక మిషన్ బళ్ళో అ ఆలు చెప్పింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. సర్కారు కొలువు వయసు దాటకముందు ఆ పరీక్షకు ఇది ఆఖరి అవకాశమని ఆమెకు తెలుసు.

కృపావరం జార్జెట్ చీర కట్టి, చేతికి వాచీ పెట్టుకుని, సెంటు వాసనతో క్లాసుకొచ్చేది. రోజుకు ఇరవై కఠిన పదాలు పలకల మీద రాయించేది.

"అర్థాలతో పనిలేదు. స్పెల్లింగు నోటికి రావాల. పొద్దున్నే అరుగు మీద కూర్చోని వీధంతా వినపడేట్టు అరవండి. అప్పుడే మెదడులో నిలుస్తాది."

అందరికన్నా గట్టిగా అరిచేవాడు మాల్యాద్రి. ఇరవై మూడేళ్ళ మనిషి, ఐదోసారి కడుతున్నాడు. అతని అరుగు ఎదురుగా సోడా బండి పెట్టుకున్న రామసుబ్బయ్య, "ఏం గొంతు నాయనా, నా సోడాలు పేలిపోతాయి!" అని నవ్వేవాడు.

రూతమ్మ మాత్రం ప్రతి మాటకూ డిక్షనరీలో అర్థం చూసుకునేది. పరీక్షకిచ్చే పదాల జాబితాలో లేని మాటలు వారానికి రెండు వచ్చేవి. కాన్వాయ్. ఆర్డ్‌నెన్స్, అంటే మందుగుండు. మేడమ్ ఎక్కువే చెబుతోందని సంతోషపడి అవీ నేర్చుకుంది.

మార్చి వచ్చింది. ఇంగ్లీషు పేపరు రోజు. పదికి గంట కొడతారు. హైస్కూలు గేటు దగ్గర మాల్యాద్రి కళ్ళు మూసుకుని అటూఇటూ తిరుగుతున్నాడు.

"వయడక్ట్... మెరిడియన్... వయడక్ట్... మెరిడియన్..."

"అవెక్కడివి మాల్యాద్రీ?"

"నీకియ్యలేదా అక్కా? నిన్న సాయంత్రం మేడమ్ ఇంటికొచ్చి ఇచ్చిపోయినారు. పొద్దున్నుంచీ అరస్తానే ఉండా."

"ఇంకెవరు విన్నారు?"

"ఎవరున్నారు వినేదానికి? సోడా రామసుబ్బయ్య విన్నాడు. వినీవినగానే బండి నడిబజార్లో వదిలేసి గిద్దలూరు బస్సెక్కి పోయినాడు. నా గొంతుకు భయపడినట్టుంది."

వయడక్ట్ అంటే లోయ మీద కట్టే పొడుగాటి వంతెన. మెరిడియన్ అంటే సూర్యుడు నడినెత్తికి వచ్చే చోటు. గిద్దలూరు దాటాక నల్లమలలో వంతెన. మధ్యాహ్నం పన్నెండుకు దాని మీద మిలిటరీ స్పెషల్. మూడు నెలలుగా వెతికిన ట్రాన్స్‌మిటర్ ఆమె కళ్ళ ముందే హాల్ టికెట్ పట్టుకుని తిరుగుతోంది.

ఇన్‌స్పెక్టర్‌కు చెబుదామంటే, ఆయన నిన్ననే బలగంతో గిద్దలూరుకు ఎదురు దిక్కునున్న కురిచేడు పోయాడు. ముఠా దాడి అక్కడేనని ఆయనకు కృపావరమే చెప్పింది. రైలు వేళ ఆమెకు చెప్పింది ఆయనే అయ్యుండాలి.

గంట కొట్టారు. అందరూ లోపలికి పోయారు. రూతమ్మ ఒక్క నిమిషం గేటు పట్టుకుని నిలబడి, చీర చెంగు దోపుకుని జట్కా ఎక్కింది.

మార్కాపురం రోడ్ స్టేషన్లో గడియారం పదకొండూ పది. స్పెషల్ ఎప్పుడో దాటిపోయింది.

"గిద్దలూరులో ఆపించండి. అవతల వంతెనకు బాంబు పెట్టినారు."

స్టేషన్ మాస్టర్ మాలకొండయ్య పొడుం పీల్చి ఎగాదిగా చూశాడు. "ఆడమనిషి మాటకు మిలిటరీ రైలు ఆపాల్నా? ఎవరమ్మా నువ్వు? కాయితం ఏదీ?"

గూఢచారికి కాయితం ఉండదు. ఆమె దగ్గరున్నది హాల్ టికెట్టు, కత్తి దాచిన పలక. ఆమె రెండూ బల్ల మీద పెట్టి, నిటారుగా నిలబడింది.

"కెటాస్ట్రఫీ ఈజ్ ఇమ్మినెంట్! యువర్ ప్రోక్రాస్టినేషన్ ఈజ్ కల్పబుల్ నెగ్లిజెన్స్!"

ఘోరం ముంచుకొస్తోంది, నీ ఆలస్యం నేరమంత నిర్లక్ష్యం అన్న ఆ ఇంగ్లీషుకు మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. "ఎస్ మేడమ్."

వెంటనే తంతి కొట్టాడు. గిద్దలూరు పలకలేదు. మళ్ళీ కొట్టాడు. పదకొండున్నర దాటింది. ఆఖరికి కట్ కట్ మని జవాబు వచ్చింది: ఇంజను ప్లాట్‌ఫారం దాటిపోతుండగా ఎర్ర జెండా ఊపారట. చివరి సిగ్నల్ దగ్గర ఆగింది.

సరిగ్గా పన్నెండుకు వంతెన కింద బాంబు పేలింది. పైన రైలు లేదు. వేళ చూసుకుని వైర్లు కలిపిన రామసుబ్బయ్య రైల్లోని సిపాయిలకు దొరికాడు. సాయంత్రానికి కృపావరం దొరికింది.

మెడల్ ఇనాయతుల్లాకు వచ్చింది. కృపావరం అప్రూవర్‌గా మారింది. అంత ఇంగ్లీషు వచ్చిన మనిషిని జైల్లో పెడితే సర్కారుకే నష్టమని, ఆమెను డిపార్ట్‌మెంటులో ట్రాన్స్‌లేటర్‌గా వేసుకున్నారు.

జూన్‌లో రిజల్ట్స్ వచ్చాయి. రూతమ్మ నంబరు ఎదురుగా గైర్హాజరు అని ఉంది. ఇనాయతుల్లా ఆమె కళ్ళలోకి చూడకుండా, "రూలమ్మా, నా చేతుల్లో లేదు," అన్నాడు. పలక మాత్రం తిరిగి ఇచ్చేయమన్నాడు.

వారం తర్వాత మాల్యాద్రి ఇంటికొచ్చాడు. కొత్త చొక్కా, జేబులో పెన్ను. ఈసారి పాసయ్యాడు. స్పెషల్ బ్రాంచ్‌లో రూతమ్మ పర్మనెంట్ కావాల్సిన ఖాళీలోనే గుమాస్తాగా చేరాడు.

"అక్కా, నీకు ఆఫీసు నుంచి లెటరు. మేడమ్ చెప్పినారు, నేను టైపు కొట్టినా. ఏముందో నాకూ తెలీదు. మంచిదేనా?"

రూతమ్మ చదివింది. ఎక్స్‌పీడియెంట్: అనుకూలం. సూపర్‌ఫ్లుయస్: అక్కర్లేనిది. టెర్మినేట్: కొలువు తీసేయడం. ఆమెకు అర్థం తెలియని మాట ఒక్కటీ లేదు.

"స్పెల్లింగులన్నీ కరెక్టుగా ఉండాయి మాల్యాద్రీ," అంది.