ముందొచ్చే మనిషి

నా జ్ఞాపకాన్ని నేను పూర్తిగా నమ్మను. ఇది వినయంతో అంటున్న మాట కాదు, వృత్తి వల్ల అబ్బిన అలవాటు. ఒక సంగతిని తలచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని పెట్టెలోంచి తీసి, కొంచెం మార్చి, మళ్ళీ పెట్టెలో పెడుతుందని ఇన్నేళ్ళుగా విద్యార్థులకు చెబుతూ వచ్చాను. నా పెట్టె ఒక్కటే భద్రంగా ఉందని ఎలా అనుకోను? కాబట్టి ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో ప్రమాణం చేసి చెప్పలేను. నా దురదృష్టమేమంటే, జరిగినదంతా ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని మీదే నిలబడి ఉంది.

మేం ఉత్తరాది మంచుదేశంలోని ట్రోన్‌హైమ్‌లో, నిదెల్వ నది ఒడ్డున ఉన్న పాత చెక్క ఇంట్లో పై అంతస్తులో ఉండేవాళ్ళం. నేను, నా భార్య సిగ్రున్, ఆమె తల్లి గుద్‌లౌగ్. సిగ్రున్ కొండ అవతల బడిలో సంగీతం చెప్పేది. చలికాలంలో ఇక్కడ మధ్యాహ్నపు భోజనం అరిగేలోపే పొద్దు గుంకుతుంది. ఆమె ఇంటికి రావడం ఎప్పుడూ చీకట్లోనే. మంచు మీద జారకుండా బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ళు ముందుగా చెక్క మెట్ల మీద టిక్కు టిక్కుమనేవి. తర్వాత గడప దగ్గర బూట్లు దులిపిన చప్పుడు. తాళంచెవి తిరిగిన చప్పుడు. తడిసిన ఉన్నికోటు కొక్కేనికి బరువుగా వేలాడిన చప్పుడు. నడవలోకి వెళ్ళి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. కొక్కెం ఖాళీగా ఉండేది. కాసేపటికి అవే చప్పుళ్ళు అదే వరసలో మళ్ళీ వినిపించేవి. ఈసారి సిగ్రున్ ఉండేది, ముక్కు ఎర్రబడి, నవ్వుతూ.

ఇక్కడివాళ్ళు దీన్ని పెద్ద వింతగా చూడరు. కొందరికి అలా ముందొచ్చే మనిషి ఒకటి ఉంటుంది. వార్‌డోగర్ అంటారు. దానివల్ల కీడు లేదు. మనిషి కన్నా ముందు ఇల్లు చేరే మనిషి జాడ, అంతే. మా అత్తగారు దాన్ని గడియారంలా వాడుకునేది. మొదటి చప్పుడు వినగానే పొయ్యి మీద కాఫీ పెట్టేది. కూతురు వచ్చి కూర్చునేసరికి కాఫీ సరిగ్గా మరిగి ఉండేది.

నేను ఆమెకు నచ్చజెప్పబోయేవాణ్ణి. "అది మన మెదడు చేసే పని అత్తయ్యా. ఆమె వచ్చే వేళ మెదడుకు తెలుసు. అందుకని వినబోయే చప్పుడును ముందే వినిపించేస్తుంది."

"అలాగా నాయనా. మరి దానికి బస్సు తప్పిపోయిన రోజున, ఆ చప్పుడు కూడా ఆలస్యంగానే వస్తుందే. నా మెదడుకు బస్సు వాడు ఫోను చేస్తున్నాడా?"

"అమ్మా, ఆయన్ని వదిలెయ్. ఆయనకు జీతం ఇచ్చేది ఆ మాటలు చెప్పడానికే," అనేది సిగ్రున్, రొట్టె మీద మేకపాల జున్ను పలచగా కోసుకుంటూ.

నా పని కూడా ఇంచుమించు ఇలాంటి జాడల మీదే. ఎవరి చేత్తో వారు చక్కిలిగింతలు పెట్టుకుంటే నవ్వు రాదు. చెయ్యి తగిలేలోపే 'ఇది నేనే' అని మెదడు ఒంటికి కబురు పంపుతుంది కనుక. మా ప్రయోగశాలలో ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చున్న మనిషి కళ్ళకు గంతలు కట్టి, చేతికి ఒక పిడి ఇస్తాం. పిడిని ముందుకు నెడితే, అదే క్షణంలో వెనకనున్న యంత్రపు చెయ్యి ఆ మనిషి వీపును తాకుతుంది. తన వీపును తానే తాకుతున్నట్టు ఉంటుంది. అప్పుడు మేం ఆ తాకిడిని కొంచెం ఆలస్యం చేస్తాం. రెప్పపాటు చాలు. కబురు ముందు అందుతుంది, తాకిడి తర్వాత వస్తుంది. ఆ తాకిడి ఎవరిదో తేలక, మెదడు దానికొక మనిషిని కల్పిస్తుంది. వెనక ఎవరో నిలబడ్డారని చాలామంది అంటారు. ప్రతి విడత చివరా మేం అడిగేది ఒకే ప్రశ్న: ఈ గదిలో ఎంతమంది ఉన్నారు?

మాలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరినైనా కుర్చీలోంచి లేపేముందు, ఆలస్యాన్ని మెల్లగా తగ్గించి సున్నాకు తెచ్చి, పిడీ తాకిడీ ఒకటయ్యేదాకా కూర్చోబెట్టాలి. దాన్ని 'ఇంటికి చేర్చడం' అనేవాళ్ళం. ఇంటికి చేర్చకుండా ఎవరినీ లేపకూడదు. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళు చేశారు, మేమూ చేశాం.

ఆ డిసెంబరులో ఒక మధ్యాహ్నం మంచు విపరీతంగా కురిసింది. ప్రయోగానికి రావలసిన మనిషి రాలేదు. బడి మూసేయడంతో సిగ్రున్ నాతో కలిసి ఇంటికి వెళ్దామని ప్రయోగశాలకు వచ్చింది. "కుర్చీ ఖాళీగా ఉందిగా, నన్ను కూర్చోబెట్టు. ఇన్నేళ్ళ కాపురంలో నీ కొలువు ఏమిటో ఒక్కసారీ చూడలేదు," అంది.

మొదటి విడత తర్వాత అడిగాను. "ఇద్దరం," అంది. ఆలస్యం కలిపాను. కిటికీ అవతల చీకటి దట్టంగా ఉంది. యంత్రపు చెయ్యి కదిలే మెత్తని గరగర తప్ప మరో శబ్దం లేదు. ఆమె మెడ నిటారుగా అయింది.

"ఎంతమంది?"

"ముగ్గురం." గొంతు తగ్గించింది. "నా వెనక ఒకామె ఉంది... తడి ఉన్ని వాసన. ఐవింద్, ఈమె నాకు తెలుసు."

నాకూ ఆ వాసన తగిలింది. ఆమె కోటు పక్క గదిలో ఉంది.

అప్పుడే భవనంలో అగ్నిప్రమాదపు గంట మోగింది. అది మోగితే ఏ పనైనా వదిలి బయటికి రావాలి. ఆమె గంతలు తీసేసి లేచింది. మంచులో అందరం నిలబడ్డాం. ఎవరో రొట్టె మాడ్చారని తెలిసి నవ్వుకున్నాం. ఆమెను ఇంటికి చేర్చలేదన్న సంగతి నాకు గుర్తుంది. రేపు చేద్దాంలే అనుకున్నాను. దారి పొడవునా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

ఆ మర్నాటి నుంచి చప్పుళ్ళు తొందరపడ్డాయి. మొదట కాస్త ముందుగా, తర్వాత బాగా ముందుగా. కాఫీ మరిగేది. చల్లారేది. అప్పటికీ సిగ్రున్ వచ్చేది కాదు.

"ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి కాఫీ పారబోశాను," అంది అత్తగారు, కెటిల్ కడుగుతూ. నా వైపు చూడలేదు. "ఏం చేశావు నాయనా దాన్ని?"

సిగ్రున్ తన బాధను నాకు మాటల్లో చెప్పలేకపోయేది. ముఖం కడుక్కుంటే ఇంకెవరో కడుగుతున్నట్టుందనేది. పియానో వాయిస్తే స్వరం ముందు పలికి, వేలు తర్వాత మెట్టు మీద దిగుతోందనేది. రాత్రిళ్ళు తన చేతిని తానే పట్టుకుని పడుకునేది, ఎక్కడికో పోతుందేమో అన్నట్టు.

ఒక ఉదయం ముగ్గురం బల్ల దగ్గర ఉన్నాం. ఆమె నా ఎదురుగా కూర్చుని రొట్టె తింటోంది. కింద మెట్ల మీద ఇనుప ముళ్ళు టిక్కుమన్నాయి. ఒక్కొక్క మెట్టూ... బూట్లు దులిపిన చప్పుడు... తాళంచెవి. కోటు కొక్కేనికి పడింది.

సిగ్రున్ చేతిలోని రొట్టె నోటి దగ్గరే ఆగిపోయింది.

"నేను వచ్చినట్టున్నాను," అంది మెల్లగా.

ఆ ఆదివారం ఆమెను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాను. భవనంలో మరెవరూ లేరు. నేను కోరింది ఒక్కటే. ఆమెను ఇంటికి చేర్చాలి. ఆలస్యాన్ని సున్నాకు తెచ్చి, విడత వెంట విడత నడిపాను.

"ఎంతమంది?"

"ముగ్గురు."

మళ్ళీ. ముగ్గురు. మళ్ళీ. ఆమె నుదుట చెమట పట్టింది. కిటికీ అద్దం మీద మంచు రాలే సన్నని శబ్దం. ఇంకొంచెం, సిగ్రున్, ఇంకొంచెం అంటూ ఉన్నాను. ఎంతసేపటికో ఆమె భుజాలు దిగాయి.

"ఎంతమంది?"

"ఇద్దరు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడితో ఆపవలసింది. మేం ఎన్నడూ అడగని ప్రశ్న ఒకటి నోటివెంట వచ్చేసింది.

"ఎవరెవరు?"

"నువ్వూ... ఆవిడా."

"ఆవిడంటే?"

"కుర్చీలో ఉంది చూడు. ఆవిడ."

ఆ గొంతు కుర్చీలోంచి రాలేదు. కుర్చీ వెనకనుంచి వచ్చింది. చాలా దూరంనుంచి... తలుపులన్నీ మూసిన ఇంటి బయటినుంచి పిలిచినట్టు.

నేను యంత్రం వైపు చూశాను. వెనకనున్న చెయ్యి కదిలింది. ఆమె వీపును తాకింది. ఆ తర్వాత... ఆ తర్వాతే, ముందున్న పిడి కదిలింది.

మీట కట్టేశాను. ఆమె గంతలు తీసుకుని, కళ్ళు చిట్లించి, నన్ను చూసి నవ్వింది.

"బాగుంది ఐవింద్. వెనక ఎవరూ లేరు. పద, ఇంటికి పోదాం."

ఇంటి మెట్లెక్కేటప్పుడు చెవులు రిక్కించి విన్నాను. ఆమె అడుగు పడిన క్షణంలోనే చప్పుడు. ముందూ లేదు, వెనకా లేదు. తలుపు తీశాక నేను గట్టిగానే అన్నాను, "అత్తయ్యా, కాఫీ పెట్టండి. సిగ్రున్ బాగైంది."

అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి ఉంది. చెయ్యి కాఫీ డబ్బా మీద ఉంది. మూత తీయలేదు.

"నా కూతురు వచ్చాక పెడతాను."

"ఎదురుగా ఉంది కదా."

"ఈవిడ ఎప్పుడూ వస్తూనే ఉంది నాయనా. రోజూ చప్పుడు విన్నదాన్ని, పోల్చుకోలేనా?" నా వెనకనున్న చీకటి మెట్ల వైపు చూసింది. "ఈవిడ వెనకాల వచ్చే పిల్ల ఏది?"

నా భార్య కోటు విప్పి కొక్కేనికి వేసింది. దారంతా మంచు కురిసింది. నా కోటునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె కోటు పొడిగా ఉంది.

తర్వాతి రోజులను నేను సుఖంగానే గడిపానని ఒప్పుకోవాలి. ఆమె పియానో తప్పు లేకుండా వాయించేది. నేను అనబోయే మాటకు, నేను అనకముందే జవాబు చెప్పేది. ప్రేమ అంటే ఇదే కాబోలు అనుకోవడానికి ప్రయత్నించాను. ముద్దు పెట్టబోతే, నా పెదవులు తగలకముందే ఆమె కళ్ళు మూసుకునేది. అత్తగారు మాత్రం రోజూ చీకటి పడే వేళకు ఖాళీ కప్పు ముందు పెట్టుకుని మెట్ల వైపు కూర్చునేది. ఒక్కసారీ కెటిల్ ముట్టుకోలేదు. మంచు కరగకముందే, మెట్ల వైపు వేసుకున్న ఆ కుర్చీలోనే, కప్పు పట్టుకునే పోయింది. అంత్యక్రియలప్పుడు ఆమె కూతురని అందరూ ఓదార్చిన మనిషి, ఓదార్పు మాట వినబడకముందే తల ఊపుతూ నిలబడింది.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. కిటికీలో కొవ్వొత్తుల దీపం పెట్టుకుని ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. నేనేదో చదువుకుంటున్నాను. ఆమె ఊలు అల్లుతోంది. అల్లిక సూదులు ఆగాయి.

కాసేపటికి నాకూ వినబడింది. కింద. ఇనుప ముళ్ళు.

టిక్... చాలాసేపు ఏమీ లేదు. టిక్... బాగా అలసిన మనిషి, కమ్మీ పట్టుకుని ఎక్కుతున్నట్టు. ఎంతో దూరం నడిచి వచ్చినట్టు. తడి ఉన్ని వాసన తలుపు సందులోంచి లోపలికి వచ్చింది. బూట్లు దులుపుకునే ఓపిక కూడా లేదేమో... దులపలేదు. తాళంచెవి రంధ్రాన్ని వెతుక్కుంది.

నా ఎదురుగా ఉన్నామె లేచింది. తొందరేమీ లేకుండా నడవలోకి వెళ్ళి, తలుపుకు గొలుసు తగిలించింది. తిరిగి వచ్చి కూర్చుని అల్లిక చేతికి తీసుకుంది.

"ఎవరు?" అన్నాను.

"ఎవరూ కాదు. మెదడు ముందే పంపుకునే కబురు." ఆమె నవ్వింది. "నువ్వే చెప్పేవాడివిగా."

గొలుసు బిగిసింది. సడలింది. మళ్ళీ బిగిసింది. తలుపు సందులోంచి ఊపిరి చప్పుడు.

"ఐవింద్..." అని గుసగుస. "చలిగా ఉంది... అమ్మ కాఫీ పెట్టిందా?"

జరిగినదాన్ని నాకు చేతనైనంత వరసలో రాశాను. జ్ఞాపకం మార్చినదేదైనా ఉంటే, అది నేనెరగని మార్పు. కానీ ఎరిగి వదిలేసినది ఒకటి ఉంది. ఆ తర్వాత నేను లేచి నడవలోకి వెళ్ళాను. అక్కడ ఏం చేశానో రాయలేదు. ఈ ఉదయం పొయ్యి మీద కాఫీ పెట్టాను. ఇప్పుడది మరుగుతోంది. కప్పులు కడిగి బల్ల మీద పెట్టాను. ఇదంతా చదివినవారు మా ప్రయోగశాలలో అడిగే ప్రశ్నే నన్ను అడుగుతారని తెలుసు. ఈ ఇంట్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారన్నది మాత్రం నేను కావాలనే రాయలేదు.