చూసినట్టు ఒప్పుకోవాలి

మా బడిలో ఏ ఆదేశమొచ్చినా అటెండరు తాత సర్క్యులర్ పుస్తకం చంకన పెట్టుకుని తరగతి తరగతికీ తిరిగేవాడు. సంతకం పెట్టేదాకా గుమ్మం వదిలేవాడు కాదు. "చూస్తే చాలదు మేష్టారూ, చూసినట్టు ఒప్పుకోవాలి" అని నవ్వేవాడు.

ఆయన చనిపోయిన ఏడాదికి పుస్తకం బదులు ఫోన్లలో సందేశాల యాప్ వచ్చింది. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక హెడ్మాస్టరు నన్ను కూర్చోబెట్టారు.

"అందర్నీ చేర్చెయ్యండి. ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో అదే చెబుతుంది. సంతకాల గోల వదిలింది."

పాత సిబ్బంది పట్టీ ముందేసుకుని వరసగా నెంబర్లు కొట్టాను. పదకొండోది తాతదని కొట్టాక గానీ తెలియలేదు.

"తీసెయ్యండి" అన్నారాయన, గొంతు తగ్గించి.

తీసేలోపే ఆ పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. చెమ్మపట్టిన కాగితాల వాసన... రికార్డు గది వైపు నుంచి. తాత పోయింది అందులోనే. లోపల మనిషున్నాడో లేడో చూడకుండా తాళం వేసి, నాలుగు రోజుల సెలవులకు వెళ్లిపోయింది హెడ్మాస్టరే. విచారణలో మాత్రం "వాడే దొంగచాటుగా దూరాడు" అన్నారు. నేను నాకేమీ తెలియదన్నాను.

తెర మీద అక్షరాలు పడ్డాయి. "అయ్యా, తాళం తియ్యండి. ఊపిరాడటం లేదు."

"తాత ఫోను ఆ గది బీరువాలోనే పడేశాం కదా. ఎవడో ఆటలాడుతున్నాడు, వాడి పని చెబుతా." తాళంచెవి తీసుకుని హెడ్మాస్టరు విసురుగా రికార్డు గదిలోకి వెళ్లారు.

గాలి లేదు. తలుపు పడింది. బయట తాళం బిగిసిన చప్పుడు...

నా ఫోను మోగింది. ఆయనే. పచ్చ గుర్తు నొక్కాను. 'తీయలేదు' అని పడింది. మళ్లీ మోగింది. మళ్లీ నొక్కాను. తీయలేదు. గునపం వెతికి తాళం బద్దలుకొట్టేసరికి ఆయన తలుపుకే ఆనుకుని ఉన్నారు. గోళ్లు విరిగి... చల్లగా.

యాప్‌లో తాత సందేశం కింద, చూసింది ఒక్కరేనని ఉంది. నా పేరు. తేదీ తాత పోయిన రోజుది.

నిజమే. ఆ రోజు సెలవులకు బస్సెక్కుతుంటే ఆ మాటలే ఎస్సెమ్మెస్‌గా నా ఫోనుకొచ్చాయి. ముసలాడి నస మామూలేగా అని జేబులో వేసుకున్నాను.

సోమవారం నా బల్ల మీద సర్క్యులర్ పుస్తకం తెరిచి ఉంది. ఆ పేజీలో అవే మాటలు. కింద హెడ్మాస్టరు సంతకం, సిరా ఇంకా తడిగా. నా పేరు పక్కన ఖాళీ.

గుమ్మం దగ్గర ఎవరో ఓపిగ్గా నిలబడ్డారు. నేనింకా తలెత్తలేదు.