సంచిలో వచ్చిన తెరచాప

డెస్మండ్ హాజ్ పోయిన రోజున కరీబియన్ సముద్రంలోని టోర్టోలా దీవి చుట్టూ గాలి అన్నది లేదు. సముద్రం గిన్నెలో పోసిన నూనెలా ఉంది. చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళలోనే పెరిగిన మనిషి అలాంటి రోజున చిన్న పడవతో సహా మునిగిపోయాడంటే ఎల్విన్ రైమర్ నమ్మలేదు. నమ్మలేదని ఎవరితోనూ అనలేదు. శవం దొరకలేదు.

ఊరివాళ్ళకు వాళ్ళిద్దరూ రేవు పక్క రేకుల షెడ్డులో తెరచాపలు కుట్టేవాళ్ళు. దీవుల రక్షణ శాఖకు మాత్రం రహస్య ఏజెంట్లు. షెడ్డులోని రేడియోలో ఎవరైనా "సెప్టెంబరులో పడవ అద్దెకు దొరుకుతుందా?" అని అడిగితే, "దొరుకుతుంది, తుపాను మాత్రం మీరే తెచ్చుకోవాలి" అనాలి. అదీ కోడ్.

వాళ్ళకు తోడు రోసాన్. విహార పడవలను అద్దెకిచ్చే శాండ్‌బార్ చార్టర్స్‌లో బుకింగులన్నీ ఆమె చేతిమీదుగానే సాగేవి. కాలిమీద కాలు వేసుకుని ఆమె నవ్వితే, బేరమాడటానికి వచ్చినవాడు ఎందుకొచ్చాడో మరిచిపోయేవాడు. అక్కడ ఎవరు ఏ పడవ అడిగినా శాఖకు ఆమే చెప్పేది. క్రిస్మస్ అయ్యాక ఎల్విన్‌తో ఆమె పెళ్ళి. తోడుపెళ్ళికొడుకు డెస్మండ్.

డెస్మండ్ పోవడానికి ముందే శాఖ చీఫ్ ఫేహీ ముగ్గురినీ కూర్చోబెట్టి మిషన్ వివరించాడు. హాలిస్ అనే విదేశీయుడు తన ముఠాతో వచ్చి 'పేషెన్స్' అనే పెద్ద పడవను బుక్ చేసుకున్నాడు.

"తుపాన్లు పట్టే సెప్టెంబరులో, అద్దెలు చవకని ఇక్కడికి విహారానికి వచ్చేది పిసినారి, కాకపోతే పిచ్చివాడు. వీళ్ళు బేరమాడలేదు. ఫొటోలూ తీసుకోలేదు," అన్నాడు చీఫ్.

వాళ్ళ సామానులో ఒక పరికరం ఉంది. దీవులన్నిటి మాటలనూ మోసుకుపోయే సముద్రగర్భ కేబుల్‌కు దాన్ని తగిలిస్తే, ప్రభుత్వాలు గుసగుసలాడినా ముఠాకు వినిపిస్తుంది. మామూలు రోజుల్లో కొండమీది రాడార్ ఆ చుట్టుపక్కలకు ఎవరినీ రానివ్వదు. కానీ తుపాను ముందు రాడార్‌ను దించేస్తారు, గస్తీ పడవలను రేవులో కట్టేస్తారు. ఆ కాసేపు శాఖ గుడ్డిది. ముఠాకు కావలసింది ఆ కాసేపే.

హాలిస్ వెంటపడమని చీఫ్ డెస్మండ్‌ను పంపాడు. ఆ సంగతి ఆ గదిలోని నలుగురికే తెలుసు.

తుపాను హెచ్చరిక వచ్చిన పొద్దున రోసాన్ షెడ్డుకు వచ్చింది. హాలిస్ భయపడి బుకింగ్ రద్దు చేసుకున్నాడనీ, ముఠా అంతా విమానం ఎక్కేసిందనీ చెప్పింది. పేషెన్స్‌ను, గాలి తగలకుండా పడవలన్నీ దాచే మడచెట్ల గుబురులో తానే కట్టేసిందట. తెరచాపలు ఊడదీసి సంచిలో పెట్టి తెచ్చింది.

"నీ కళ్ళు చూసుకున్నావా ఎల్విన్? కాసేపు పడుకో," అని అతని నుదురు తాకి వెళ్ళింది.

తుపాను ముందు తెరచాపలు ఊడదీసి షెడ్డుకు పంపడం అక్కడి ఆనవాయితీ. సంచులను గాలివాన వెలిశాకే విప్పుతారు. ఎల్విన్ ఆ సంచిని మిగతావాటి మీద వేశాడు. వేశాక ఆగిపోయాడు. పేషెన్స్ తెరచాపను మొయ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. తాను ఒంటిచేత్తో విసిరాడు.

మూతి విప్పాడు. లోపల చిన్న తెరచాప, పాతది. ఒక మూల అతుకు. కుట్లు ఎడమకు వాలి ఉన్నాయి. డెస్మండ్‌ది ఎడమచేతివాటం.

అతనితోపాటు మునిగిపోయిందన్న పడవ తెరచాప అది.

ఎల్విన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పరాయివాడైతే పడవను ఉన్నదున్నట్టు ముంచేసేవాడు. ఈ దీవుల్లో పుట్టినవాళ్ళకే, పోయే పడవ మీద నుంచైనా మంచి తెరచాపను ఊడదీయకుండా వదిలెయ్యడానికి చేతులు రావు. రోసాన్ ఊడదీసి దాచింది. సంచి నింపాల్సి వచ్చినప్పుడు అందులో కుక్కింది.

చీఫ్‌ను రేడియోలో పిలిచాడు. రాడార్‌ను అప్పటికే దించేశారు.

"రోసానా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు చీఫ్.

"నాకే పిచ్చెక్కి ఉంటే బాగుండేది, చీఫ్. మనుషుల్ని పంపండి."

మడచెట్ల మధ్య పడవలవాళ్ళు ఎవరి తాళ్ళు వాళ్ళు బిగించుకుంటున్నారు. పేషెన్స్‌కు తెరచాపలు అలాగే ఉన్నాయి. కేబుల్ దగ్గర ఇంజను చప్పుడు వినబడకూడదు మరి. లోపల మనుషుల అలికిడి ఉంది. ఏ విమానమూ ఎవరినీ ఎక్కించుకుపోలేదు.

ఎల్విన్ ఒక తాడును మడవేరుకు కట్టి, రెండో కొస పట్టుకుని నీళ్ళలో మునిగాడు. పడవ కింద చెయ్యవలసిన పని చేసి, తడిబట్టలతో డెక్ ఎక్కాడు. ఎదురుగా రోసాన్, చేతిలో పిస్తోలు.

"గుడ్ మార్నింగ్, రోసాన్."

ఆ దీవుల్లో పలకరింపు లేకుండా పగవాడితోనైనా మాట మొదలుపెట్టరు. ఆమె కూడా అలవాటుగా గుడ్ మార్నింగ్ అంది. తర్వాత, "ఎందుకొచ్చావ్?" అంది.

"నీ పడవకు ఇంకో తాడు వేద్దామని. ఇరుగుపొరుగు చేసే పనే కదా."

"సంచి విప్పావన్నమాట."

"చివర్లో డెస్మండ్ ఏమన్నాడు?"

"నేను పిలిస్తే పడవ పక్కకు తెచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. మన పెళ్ళికి చొక్కా కుట్టించుకున్నానన్నాడు."

"తెరచాప ఎందుకు ఊడదీశావు?"

"ఏమో. చెయ్యి దానంతటదే తీసింది."

చుక్కాని దగ్గరి నుంచి హాలిస్ విసుక్కున్నాడు. "కాల్చి పారెయ్. మనకు టైము లేదు." ముఠావాళ్ళు కట్లు విప్పగానే ఇంజన్లు స్టార్ట్ చేశాడు.

రోసాన్ పిస్తోలు ఎత్తింది. పడవ ముందుకు ఉరికి, మెడకు పలుపు పడ్డ ఎద్దులా ఆగిపోయింది. ప్రొపెల్లర్లకు చుట్టిన తాడు బిగుసుకుని ఇంజన్లను చంపేసింది. గుండు ఆకాశంలోకి పోయింది. రోసాన్ ఆ కుదుపుకు డెక్ మీద పడిపోయింది.

గాలి ముంచుకొచ్చే వేళ కట్లు విప్పుకున్న పడవ పక్క పడవలన్నిటినీ ముంచుతుంది. అందుకే పడవలవాళ్ళంతా, తెరచాపలతో బయల్దేరిన గాడిద ఎవడని తిడుతూ, నలువైపుల నుంచీ తాళ్ళు విసిరి పేషెన్స్‌ను కట్టిపడేశారు. చీఫ్ మనుషులు వచ్చి రోసాన్‌తో సహా ముఠానంతా పట్టుకునేసరికి పరికరం పెట్టెలోనే ఉంది. తుపాను మొదటి గాలి అప్పుడే మడచెట్లను వంచింది.

ఠాణాలో హాలిస్ మొదట అడిగింది వకీలును కాదు, బుకింగ్ డబ్బు వాపసు. తుపాను సీజన్లో వాపసులు ఉండవని చీఫ్ మర్యాదగా చెప్పాడు.

తుపాను వెలిశాక ఎల్విన్ డెస్మండ్ వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళాడు. ఊరంతా ఆమెను మిస్ ఐరిస్ అంటారు. ఆమె చేప, మొక్కజొన్న సంకటి వడ్డించింది. అలవాటుగా ఇంకో రెండు కంచాలు కూడా పెట్టింది.

"రోసాన్ రాలేదేం నాయనా? రోజూ వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది ఆ పిల్లే."

పని పడిందన్నాడు ఎల్విన్. సంకటి తిన్నాడు. కంచాలు కడిగి బోర్లించాడు.

రోసాన్ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.