పొలమారే రేకు

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు ఒక్కోసారి జారిపోతాయి. ఒక్క పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. కథ మాత్రం జారిపోనివ్వను.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ నూరంతస్తుల మేడలో వంటవాసన ఆగిపోయి రెండు తరాలైంది. మనిషికో ఒంటిగది. గోడకున్న కొళాయి తిప్పితే గిన్నెలోకి తెల్లటి జావ వస్తుంది. ఒంటికి కావలసినవన్నీ అందులో ఉంటాయి, రుచి తప్ప. రుచికి వేరే ఏర్పాటు ఉంది. దాన్ని రుచిరేకు అంటారు.

ఉల్లిపొర కన్నా పలచనైన ఆ రేకుని అంగిలికి అంటించుకోవాలి. ఎక్కడో ఒక మనిషి కాయ కొరికినప్పుడు ఆ మనిషి నరాల్లో పుట్టిన సంకేతాలను యంత్రం పట్టి ఉంచుతుంది. అది రుచిజాడ. రేకు పెట్టుకున్నవాళ్ళ నరాల్లో ఆ జాడ మళ్ళీ నడుస్తుంది. జావ తాగుతున్నా నోట్లో గోంగూర పులుస్తుంది.

అన్నిటికన్నా కష్టం కారంతోనే వచ్చింది. కారం రుచి కాదు, మంట. మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థం, వేడిని పసిగట్టే నరాలను మోసం చేస్తుంది. ఆ మోసాన్ని రేకులోకి ఎక్కించిన శాస్త్రవేత్త నాంచారమ్మ. ఆ మేడ మొత్తంలో నిజం మిరపకాయ కొరికే మనిషి కూడా ఆవిడే.

డెబ్బయ్యో అంతస్తులో ఆవిడ బాల్కనీ నిండా కుండీలు. టమాటాలా బుగ్గలున్న చపాటా కాయలో కారం తక్కువ, తీపి ఎక్కువ. ముడతల బ్యాడిగిని ఎండబెడితే పొగా, ఎండుద్రాక్షా కలిసిన వాసన. ఆకాశం వైపు నిక్కి చూసే కొండమిరప చిటికెనవేలి గోరంత ఉంటుంది, నోట్లో నిప్పురవ్వ. తేనెటీగలు ఆ ఎత్తుకి రావు. పొద్దున్నే పూలకాడల్ని గోటితో మీటి పుప్పొడి రాల్చడం నాంచారమ్మ పనే. పూలతో ఏవో చెబుతూ మీటేది. రోజంతటిలో ఆవిడ నోరు విప్పి మాట్లాడే మాటల్లో సగం అవే.

మిగతా సగం ఇందుమతితో. ఇందుమతి నలభయ్యో అంతస్తులో ఉండే ఇంజనీరు. జాడల్లో లోపాలు దిద్దడం ఆమె పని. ఏళ్ళ తరబడి ఫోనులో మాట్లాడుకుంటున్నా ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

"పిన్నిగారూ, మళ్ళీ దగ్గారు. జాడంతా పాడైంది. కోసేస్తున్నా."

"కొయ్యవే తల్లీ. కాయ నాది, గొంతు నాది, కత్తెర నీది."

ఒక మధ్యాహ్నం కొత్త పసుపుమిరప పండింది. ఎన్నో కాపుల పాటు సంకరం చేసి సాధించిన కాయ. చీలిస్తే పండిన జామ, నిమ్మతొక్క కలిసినట్టు ఘుమఘుమ. ఈసారి పరీక్ష కోసం, కొరుకుతుండగానే జాడని నేరుగా ఇందుమతి రేకుకే పంపుతున్నారు. నాంచారమ్మ కొనదగ్గర కొరికి ఊరుకోవాల్సింది. ఆశకొద్దీ తొడిమదాకా వెళ్ళింది. లోపలి తెల్లటి ఈనెలోనే ఉంటుంది కారమంతా. ఒక్కసారిగా పొలమారింది. కళ్ళ నీళ్ళతో తన నడినెత్తిన తనే తట్టుకుని, "ఎవరో తలుచుకుంటున్నారు" అనుకుంది. ఎవరూ లేరని తెలిసీ అలవాటుగా అనుకుంది.

వెంటనే ఫోను మోగింది.

"పిన్నిగారూ, మీరేనా?"

"నేనేం చేశానే?"

"నాకు పొలమారింది. మా అమ్మ పోయాక నాకు పొలమారడం ఇదే. నన్ను తలుచుకునేవాళ్ళెవరా అని గుర్తున్న పేర్లన్నీ వెతికాను. చివరికి మీరొక్కరే మిగిలారు. మీరూ ఉద్యోగం కోసం మాట్లాడేవాళ్ళేగా!"

"ఉద్యోగానికైతే నీ సొదంతా వినాలా? పైకి రా. అన్నం వండుతా."

"అన్నమా! వండటం వచ్చా మీకు?"

"వచ్చి చూడు."

వచ్చింది. లిఫ్టు దిగి గుమ్మంలో నిలబడి, లోపలికి రావడమెలాగో మరిచిపోయినట్టు చూసింది. నాంచారమ్మ పసుపు కాయల్ని నూనెలో మగ్గబెట్టి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లితో కచ్చాపచ్చాగా నూరింది. వేడన్నంలో కలిపి ఇద్దరూ ఒకే కంచం ముందు కూచున్నారు.

"హా... హా... ముక్కు కారుతోంది, నవ్వకండి పిన్నిగారూ!"

"రేకులో ముక్కు కారదు కదే, కారనీ."

మూడో ముద్దకి ఇందుమతికి పొలమారింది. నాంచారమ్మ లేచి ఆమె నడినెత్తిన తట్టింది. "ఎవరో తలుచుకుంటున్నారే."

"ఎవరు? మీరిక్కడే ఉన్నారుగా!"

ఆ నవ్వుకి బాల్కనీలో ఆకులు కదిలాయేమో అనిపించింది.

అప్పట్నించి ప్రతి ఆదివారం రెండు కంచాలు. ఒక ఆదివారం నాంచారమ్మ అంది: "ఆ దగ్గుని ఇక కొయ్యకే. అందరికీ పొలమారనీ. ఎవరు తలుచుకున్నారో అని ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుంటారు. నువ్వు రాలేదూ?"

కొయ్యలేదు. ఆ వారమే మేడలో ఫోన్లు మోగాయి. ఏళ్ళుగా మూసి ఉన్న తలుపుల ముందు మనుషులు నిలబడి, "నువ్వేనా నన్ను తలుచుకున్నది?" అని అడిగారు. నాంచారమ్మ ఆ సందడి వింటూ లిఫ్టు దగ్గర ఊరికే నిలబడేది.

రేకులు చేసే సంస్థ కూడా విన్నది. జనం కారాన్ని దాటేసి దగ్గు దగ్గరికి పోతున్నారని కనిపెట్టింది. నెలల్లోనే తలపురేకు వచ్చింది. అందులో మిరపకాయ లేదు, మంట లేదు. భోజనమయ్యాక మెత్తగా పొలమారుతుంది, నడినెత్తిన ఎవరో తట్టినట్టు గోరువెచ్చని బరువు తెలుస్తుంది. అంతే. రోజూ తప్పకుండా.

ఫోన్లు ఆగిపోయాయి. తమని ఎవరో తలుచుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. అదెవరో అడగాల్సిన పని ఎవరికీ కనిపించలేదు.

మిరప జాడలు ఇక వద్దన్నారు. ఇందుమతిని కొత్త రేకు పనిలోకి తీసుకున్నారు. ఒక ఆదివారం పని ఉందంది. తర్వాతి ఆదివారం ఒంట్లో బాగోలేదంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. రెండో కంచం బోర్లించే ఉంది.

పసుపుమిరప మళ్ళీ కాసింది. మొదట పండిన కాయని కోసి, నాంచారమ్మ నలభయ్యో అంతస్తుకి దిగింది. తలుపు తట్టింది. లోపల మెత్తగా దగ్గు వినిపించింది.

"ఇందూ, నేనే."

"పిన్నిగారా! ఇప్పుడే పొలమారింది. తలుచుకున్నారన్నమాట."

"తలుచుకునే వచ్చాను. తలుపు దగ్గరే ఉన్నాను. కాయ పండింది, పైకి రా."

"మీరెంత మంచివారండీ. నాకు అందింది పిన్నిగారూ, చాలు."

"ఏం అందింది?"

తలుపు తెరుచుకోలేదు.

మిరపకాయ చేతిలోంచి చేతికి ఇస్తే తగువొస్తుందంటారని, అలవాటు కొద్దీ దాన్ని గడప ముందు పెట్టబోయి ఆగింది. తగువుకైనా ఆ చెయ్యి బయటికి వస్తే బావుండుననిపించింది. చాలాసేపు చెయ్యి చాపి అలాగే నిలబడింది. తర్వాత వంగి కాయని కింద పెట్టి, లిఫ్టు ఎక్కింది.

ఆ పూట అన్నంలో పచ్చడి కలుపుకుంది. రెండో ముద్దకే పొలమారింది. నిజం మిరపకాయకి, నిజంగా. నడినెత్తి దాకా లేచిన అరచెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎవరో తలుచుకుంటున్నారని అనుకోలేక, దాన్ని మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకుంది.

దాసరి సామ్రాజ్యం, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉండేది నరసరావుపేటలో, చెల్లెలి ఇంటి మేడమీద గదిలో.