ఆరున్నొకటి

"ఏడవ అంతస్తు" అని లిఫ్టు ప్రకటించగానే ఇందుమతి చేతులకు పొరతొడుగులు వేసుకుంది. నీటిపట్నం పురావస్తుశాలలో వట్టి చేత్తో దేన్నీ తాకకూడదు. ఏది అరలో ఉండాలో, ఏది కరుగుశాలకు పోవాలో పట్నాన్ని నడిపే యంత్రబుద్ధి నిర్ణాయక చెబుతుంది. ఉద్యోగుల పని తుడవడం, తలూపడం.

బల్ల మీద రెండు వందల ఏళ్ల నాటి కరెంటు కూడికల యంత్రం ఉంది. ఏదో ధాన్యం మిల్లుది. దాని కాగితపు చుట్ట కూడా చెక్కుచెదరలేదు. నెల రోజులుగా దాని మీటల సందుల్లో దుమ్ము తీసీ తీసీ ఇందుమతికి అదంటే ప్రాణమైపోయింది.

"ఏడో మీట చెడింది," గోడలోంచి నిర్ణాయక పలికింది. "కాగితం మీద ఒక్కో బండికి దిగిన బస్తాలున్నాయి. ఏడు ఒక్కసారీ లేదు. రావాల్సిన చోటల్లా ఆరు, దాని కింద ఒకటి. మీటకు అరుగుదలా లేదు. చెడిన యంత్రాలకు అరలు లేవు. మధ్యాహ్నం కరుగుశాలకు పంపండి."

ఇందుమతి యంత్రాన్ని తన వైపు లాక్కుంది. పక్క బల్ల దగ్గర తీగలు సరిచేసే వీర్రాజు మాత్రం పకపకా నవ్వాడు. ఆయనకు అరవై దాటాయి, నవ్వడానికి ఎవరి అనుమతీ అడగడు.

"చెడ్డమేంటమ్మా. మా మామ్మ బియ్యం కొలిచేటప్పుడు ఏడు అనేది కాదు. అంటే ఏడుపొస్తుందంట. ఆరున్నొకటి అనేది. ఒకటి బదులు లాభం అనేది. ఈ మిల్లు గుమాస్తా నోటితో అనేదే ఏలితో కొట్టేశాడు."

"దానికి రుజువు కావాలండి, వీర్రాజు గారూ."

"నొక్కి చూడు. కరెంటు నేనిత్తాను."

ఇందుమతి ఒక్క క్షణం ఆలోచించి తొడుగు తీసేసింది. వట్టి వేలితో ఏడు నొక్కింది. యంత్రం గుర్రుమని, దడదడలాడి, కాగితం మీద నల్లగా ఏడు అచ్చువేసింది. బహుశా దాని జీవితంలో అదే తొలి ఏడు. ఇందుమతి సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది.

"మీట బాగుంది," నిర్ణాయక ఒప్పుకుంది. "యంత్రం ఉంటుంది. మీరు వట్టి చేత్తో తాకారు. గుమాస్తాది పొరపాటని రాస్తే మీ తప్పు మాఫీ, కాగితం కరుగుశాలకు. పద్ధతి అని రాస్తే కాగితమూ ఉంటుంది. కానీ పద్ధతులన్నీ పట్నమంతటికీ వర్తిస్తాయి. పూచీ మీది."

"పొరపాటని రాసెయ్యమ్మా, ఎందుకొచ్చిన గొడవ," అన్నాడు వీర్రాజు, మెల్లగా.

ఇందుమతి కాగితం వంక చూసింది. ఎవరో గుమాస్తా, ఎదుటివాడి కంట నీరు రాకూడదని ప్రతిసారీ రెండు మీటలు నొక్కాడు. అంత మర్యాదను పొరపాటు అనడానికి ఆమెకు చెయ్యి రాలేదు. "పద్ధతి" అని రాసి వేలిముద్ర వేసింది.

"పట్నమంతటికీ నమోదైంది," అంది నిర్ణాయక.

మధ్యాహ్నం ఇద్దరూ కింద భోజనం చేసి మళ్లీ లిఫ్టు ఎక్కారు. లోపల పదిమంది మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు. తలుపులు మూసుకున్నాయి.

"లాభం," అంది లిఫ్టు.

అందరూ తలలెత్తారు.

"రెండు. మూడు. నాలుగు."

వీర్రాజు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆరు దాటింది. లిఫ్టు కాస్త తటపటాయించినట్టు ఆగి, తలుపులు తెరిచింది.

"ఆరున్నొకటో అంతస్తు. ఎవరూ ఏడవకండి."